అల్యూమినియం నైట్రైడ్ సిరామిక్: గుణాలు, ఎలక్ట్రానిక్స్‌లో వాడకం (తరచుగా అడిగే ప్రశ్నలు)

పవర్ ఎలక్ట్రానిక్స్ చదువుతున్న విద్యార్థులు, ఇన్వర్టర్లూ ఎల్‌ఈడీ లైట్లూ ఆర్‌ఎఫ్ (రేడియో పౌనఃపున్య) యాంప్లిఫయర్లూ తయారు చేసే చిన్న యూనిట్ల వాళ్లు ఈ పదార్థం గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలున్నాయి. ఉష్ణవాహకత అంకెలన్నీ వాట్/మీటర్-కెల్విన్ ప్రమాణంలో ఇచ్చాను కాబట్టి ప్రతిచోటా యూనిట్ మళ్లీ రాయలేదు.

అల్యూమినియం నైట్రైడ్ అంటే ఏమిటి?

ఒక అల్యూమినియం పరమాణువుకు ఒక నైట్రోజన్ పరమాణువు చొప్పున కలిసిన సమ్మేళనం ఇది. దీని స్ఫటిక నిర్మాణం వర్ట్‌జైట్ రకం, అంటే ఆరు పలకల అమరిక. సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.26 గ్రాములు. మామూలు పీడనంలో ఇది కరగదు. సుమారు 2,400 డిగ్రీల సెల్సియస్ దాటాక అల్యూమినియం ఆవిరిగా, నైట్రోజన్‌గా విడిపోతుంది. అందుకే గాజులాగా కరిగించి పోత పోయడం కుదరదు. పొడిగా చేసి, ఆకారం ఇచ్చి, కొలిమిలో కాల్చి గట్టిపరచాలి.

1862లో బ్రీగ్లెబ్, గాయిథర్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీన్ని మొదట తయారు చేశారు. తర్వాత నూరేళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్‌కు దీనితో పని పడలేదు. చిప్‌లలో పుట్టే వేడిని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పలకలు మోయలేని పరిస్థితి వచ్చాక, 1980లలో ముఖ్యంగా జపాన్ కంపెనీలు దీన్ని పట్టుకుని పరిశ్రమ స్థాయికి తెచ్చాయి.

ఇది కరెంటును ఆపుతుంది, వేడిని మాత్రం లోహంలా పోనిస్తుంది. రెండూ ఒకే పదార్థంలో ఎలా సాధ్యం?

రాగిలో, అల్యూమినియంలో వేడిని మోసేవి ప్రధానంగా స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. కరెంటును మోసేవీ అవే. కాబట్టి లోహాల్లో ఈ రెండు గుణాలూ విడిగా ఉండవు. అల్యూమినియం నైట్రైడ్‌లో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేవు. దాని బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను బంధం నుంచి విడిపించడానికి కావాల్సిన శక్తి) సుమారు 6 ఎలక్ట్రాన్ ఓల్టులు, సిలికాన్‌కు ఉన్నది 1.1 మాత్రమే. గది ఉష్ణోగ్రత వద్ద దీని నిరోధకత 10 లక్షల కోట్ల ఓమ్-సెంటీమీటర్లకు పైనే.

ఇక్కడ వేడిని మోసేవి పరమాణువుల కంపనాలు. వీటినే ఫోనాన్లు అంటారు. ఇల్లు కట్టేచోట వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుకుంటూ పైకి అందించే కూలీలను గుర్తు తెచ్చుకోండి. అందరూ ఒకే లయలో ఉంటే ఇటుక క్షణంలో పైకి చేరుతుంది. వరసలో ఒక మనిషి తప్పుకుంటే అక్కడ పని తడబడుతుంది.

ఎలాంటి స్ఫటికంలో ఈ వరస సజావుగా సాగుతుందో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పనిచేసిన గ్లెన్ స్లాక్ 1973లో తేల్చి చెప్పాడు. పరమాణువులు తేలికగా ఉండాలి. వాటి మధ్య బంధాలు బలంగా ఉండాలి. స్ఫటిక నిర్మాణం సరళంగా ఉండాలి. కంపనాలు ఒకదాన్నొకటి చెదరగొట్టుకోవడం తక్కువగా ఉండాలి. వజ్రం ఈ నాలుగింటినీ నెరవేరుస్తుంది, అల్యూమినియం నైట్రైడ్ కూడా చాలావరకు నెరవేరుస్తుంది. మచ్చలేని ఏకస్ఫటికానికి గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణవాహకత సుమారు 320 ఉంటుందని లెక్క. శుద్ధమైన అల్యూమినియం లోహానిది సుమారు 237 అని గుర్తుంచుకుంటే, ఒక ఇన్సులేటర్‌కు ఇది ఎంత పెద్ద అంకో అర్థమవుతుంది.

పుస్తకంలో 320 అని ఉంది, సరఫరాదారు డేటాషీట్‌లో 170 అని ఉంది. మిగతా సగం ఏమైంది?

ఈ పదార్థం గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ సగాన్ని ఆక్సిజన్ తినేసింది.

అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే ఎనలేని ఆకర్షణ. పొడికి గాలి తగిలిన క్షణం నుంచే ప్రతి రేణువు మీదా సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కొలిమిలో కాల్చేటప్పుడు ఆ ఆక్సిజన్ స్ఫటికం లోపలికి దూరి నైట్రోజన్ స్థానంలో కూర్చుంటుంది. విద్యుదావేశం లెక్క సరిపోవాలి కాబట్టి మూడు నైట్రోజన్ల చోట మూడు ఆక్సిజన్లు చేరితే ఒక అల్యూమినియం స్థానం ఖాళీ అవుతుంది. ఇటుకల వరసలో మనిషి తప్పుకున్న చోటు అదే. ఫోనాన్లు ఆ ఖాళీల దగ్గర చెదిరిపోతాయి. బరువులో ఒక శాతం ఆక్సిజన్ స్ఫటిక జాలకంలో కలిసినా ఉష్ణవాహకత సగానికి మించి పడిపోతుంది.

దీనికి విరుగుడు యిట్రియం ఆక్సైడ్. పొడిలో బరువుకు 3 నుంచి 5 శాతం కలిపి, నైట్రోజన్ వాతావరణంలో 1,800 డిగ్రీల పైన కాలుస్తారు. యిట్రియం ఆక్సైడ్ రేణువుల మీది అల్యూమినాతో కలిసి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం రెండు పనులు చేస్తుంది. రేణువులను దగ్గరకు లాగి పలకను గట్టిపరుస్తుంది. అంతకంటే విలువైన పని, జాలకంలోని ఆక్సిజన్‌ను తనలోకి లాక్కుని యిట్రియం అల్యూమినేట్‌గా రేణువుల మూలల్లో పోగుచేస్తుంది. రేణువుల లోపల ఎంత శుభ్రంగా ఉంటే వాహకత అంత పెరుగుతుంది. సాధారణ గ్రేడ్ 170, మెరుగైన గ్రేడ్ 200, ఇంకా ఎక్కువసేపు జాగ్రత్తగా కాల్చినవి 230 వరకు వస్తాయి. ఈ గ్రేడ్ల మధ్య ధర తేడాకు ప్రధాన కారణం పొడి శుద్ధత, కొలిమిలో గడిపిన గంటలు.

ఇంకో సంగతి డేటాషీట్ మొదటి పేజీలో కనపడదు. ఆ 170 అనేది 25 డిగ్రీల దగ్గరి అంకె. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ కంపనాలు ఒకదాన్నొకటి ఎక్కువగా ఢీకొని వాహకత తగ్గుతూ పోతుంది. మీ పలక 150 డిగ్రీల దగ్గర పనిచేయాలంటే ఆ ఉష్ణోగ్రత వద్ద అంకె ఎంతో సరఫరాదారును రాతపూర్వకంగా అడగండి.

పొడిని ఎలా తయారు చేస్తారు?

ప్రధానంగా రెండు దారులున్నాయి. అల్యూమినియం లోహపు పొడిని నైట్రోజన్‌లో వేడి చేయడం ఒకటి. ఈ చర్యలో విపరీతమైన వేడి పుట్టి రేణువులు ముద్దకట్టుకుంటాయి, వాటిని మళ్లీ నూరాలి. రెండోది అల్యూమినా పొడిలో కార్బన్ కలిపి నైట్రోజన్‌లో 1,400 నుంచి 1,800 డిగ్రీల మధ్య వేడి చేయడం. కార్బన్ ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా పట్టుకుపోతుంది, ఆ ఖాళీలోకి నైట్రోజన్ చేరుతుంది. మిగిలిన కార్బన్‌ను తర్వాత గాలిలో కాల్చి తీసేస్తారు. రెండో దారిలో రేణువులు సన్నగా, ఒకే పరిమాణంలో, శుద్ధంగా వస్తాయి. ఎలక్ట్రానిక్స్ గ్రేడ్‌కు ఇదే మేలు. జపాన్‌లోని టోకుయామా కంపెనీ పేరు ఈ రంగంలో ముందు వినిపించడానికి కారణం ఈ పద్ధతే.

అల్యూమినాకు బదులు ఇది వాడితే నిజంగా ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది?

లెక్క వేద్దాం. పలక మందాన్ని ఉష్ణవాహకతతోనూ వైశాల్యంతోనూ భాగిస్తే ఉష్ణ నిరోధం వస్తుంది. 10 మిల్లీమీటర్లు పొడవు, అంతే వెడల్పు ఉన్న చిప్ 200 వాట్ల వేడి పుట్టిస్తోంది అనుకోండి. కింద పలక మందం 0.635 మిల్లీమీటర్లు.

96 శాతం అల్యూమినా ఉష్ణవాహకత సుమారు 24. నిరోధం వాటుకు 0.26 డిగ్రీలు. అంటే పలక పైభాగానికీ అడుగుకూ మధ్య 53 డిగ్రీల తేడా. అదే మందంలో 170 గ్రేడ్ అల్యూమినియం నైట్రైడ్ అయితే నిరోధం 0.037, తేడా ఏడున్నర డిగ్రీలు. వేడి పక్కలకు వ్యాపించడాన్ని ఈ లెక్కలో కలపలేదు, కలిపితే రెండు అంకెలూ కొంత తగ్గుతాయి. అయినా చిప్ దాదాపు 40 డిగ్రీలు చల్లగా ఉండటం దాని ఆయుష్షును మార్చేసే తేడా.

ఇప్పుడు 200 వాట్ల బదులు 10 వాట్లు వేసి చూడండి. తేడా రెండు డిగ్రీల పైచిలుకు. దాని కోసం అల్యూమినాకు ఎన్నో రెట్ల ధర పెట్టడం డబ్బు దండగ. పదార్థాన్ని ఎంచుకునే ముందు చదరపు సెంటీమీటరుకు ఎన్ని వాట్లో లెక్కపెట్టండి. నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

వేడి తప్ప మిగతా గుణాలు ఎలా ఉంటాయి?

వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల భాగాల్లో సుమారు 4.5. సిలికాన్‌ది గది ఉష్ణోగ్రత వద్ద 2.6, సిలికాన్ కార్బైడ్‌ది సుమారు 4, అల్యూమినాది సుమారు 7, రాగిది 17. కాబట్టి చిప్‌తో ఇది బాగా కలిసిపోతుంది. వేడెక్కి చల్లబడే ప్రతిసారీ చిప్ కింది టంకం మీద పడే ఒత్తిడి తక్కువగా ఉంటుంది. రాగితో మాత్రం ఈ పొత్తు కుదరదు, ఆ కష్టం గురించి కింద చెప్తాను.

డైఎలక్ట్రిక్ స్థిరాంకం 8.5 నుంచి 9 మధ్య ఉంటుంది, అల్యూమినా కంటే కాస్త తక్కువ. మిల్లీమీటరు మందానికి సుమారు 15 కిలోవోల్టులు తట్టుకుంటుంది.

బలంలో ఇది గొప్పది కాదు. వంపు బలం 300 నుంచి 400 మెగాపాస్కల్. పగులును ఆపే సామర్థ్యం, అంటే ఫ్రాక్చర్ టఫ్‌నెస్, సుమారు 3. సిలికాన్ నైట్రైడ్‌కు ఇది 6, 7 దాకా ఉంటుంది. కాబట్టి స్క్రూలు బిగించేటప్పుడు ఒక మూల పూర్తిగా బిగించి మరో మూలకు పోకూడదు. నాలుగు మూలలూ కొద్దికొద్దిగా, ఎదురెదురుగా బిగించాలి.

సిలికాన్ నైట్రైడ్ వచ్చింది కదా, దీని రోజులు అయిపోయినట్టేనా?

ఎలక్ట్రిక్ కార్ల ఇన్వర్టర్లలో చాలావరకు అవునని చెప్పాలి. ఎందుకో కూడా లెక్కే చెప్తుంది. సిలికాన్ నైట్రైడ్ వాహకత 90 దాకా వస్తుంది, అంటే అల్యూమినియం నైట్రైడ్‌లో సగం. కానీ అది గట్టిది కాబట్టి 0.32 మిల్లీమీటర్ల పలుచని పలకగా వాడొచ్చు. పై ఉదాహరణలోని చిప్‌కే లెక్కిస్తే 0.32 మిల్లీమీటర్ల సిలికాన్ నైట్రైడ్ నిరోధం 0.036 వస్తుంది. 0.635 మిల్లీమీటర్ల అల్యూమినియం నైట్రైడ్‌తో సమానం! పైగా వేడి-చలి చక్రాలను ఎన్నో రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది, మందపాటి రాగిని మోస్తుంది. రోడ్డు మీద కారు వేగం పెంచి తగ్గించే ప్రతిసారీ చిప్ వేడెక్కి చల్లబడుతుంది. అక్కడ గెలిచేది ఈ మొండితనమే.

అయితే ఓల్టేజీ పెరిగితే కథ మారుతుంది. 3.3, 4.5, 6.5 కిలోవోల్టుల మాడ్యూళ్లలో విద్యుత్ ఇన్సులేషన్ కోసం పలకకు మందం కావాలి. 0.3 మిల్లీమీటర్లు సరిపోవు, ఒక మిల్లీమీటరు దాకా పెంచాల్సి వస్తుంది. మందం పెరిగినప్పుడు వాహకత ఎక్కువ ఉన్నదే నెగ్గుతుంది. అందుకే రైలు ఇంజిన్లు, పెద్ద విద్యుత్ ప్రసార కేంద్రాల కన్వర్టర్లు వాడే ఐజీబీటీ (పెద్ద కరెంటును స్విచ్ చేసే ట్రాన్సిస్టర్) మాడ్యూళ్లలో అల్యూమినియం నైట్రైడ్ పలక, దాని కింద అల్యూమినియం-సిలికాన్ కార్బైడ్ మిశ్రమ పలక అనే జోడీ స్థిరపడిపోయింది. ఆ మిశ్రమం వ్యాకోచం రాగి కంటే చాలా తక్కువ కాబట్టి రెండింటి మధ్య టంకం ఏళ్ల తరబడి నిలుస్తుంది. లాలాగూడ, కాజీపేట, విజయవాడ షెడ్లలో కనిపించే త్రీ-ఫేజ్ ఇంజిన్లలో మొదటి తరానివి జీటీఓ థైరిస్టర్లు అనే పాత రకం స్విచ్‌లతో వచ్చాయి, తర్వాతవి ఐజీబీటీలతో వస్తున్నాయి. వందే భారత్ రైళ్ల ట్రాక్షన్ కూడా ఐజీబీటీల మీదే నడుస్తుంది. ట్రాక్షన్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేయాలనుకునే మన పిల్లలు ఈ పలకల జోడీని బాగా అర్థం చేసుకుంటే చాలా ఉపయోగం.

పలక మీద రాగిని ఎలా అతికిస్తారు?

ఉత్త అల్యూమినియం నైట్రైడ్ మీద కరిగిన రాగి తడిసి అంటుకోదు, తామరాకు మీద నీటిలా జారిపోతుంది. దీన్ని దాటడానికి మూడు పద్ధతులు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది నేరుగా రాగిని అతికించడం, డీబీసీ. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొంచెం ఆక్సిజన్ కలిస్తే 1,065 దగ్గరే పైపొర ద్రవమవుతుంది. ఆ ఇరవై డిగ్రీల సందులో ఈ పని అంతా జరగాలి. ఆ ద్రవం ఆక్సైడ్‌నే తడుపుతుంది కాబట్టి ముందుగా నైట్రైడ్ పలకను గాలిలో సుమారు 1,200 డిగ్రీల వద్ద కాల్చి పలుచని అల్యూమినా పొర తెప్పిస్తారు. తయారీ అంతటా ఆక్సిజన్‌తో పోరాడి, చివర్లో దాన్నే మనం పిలిచి పైన కూర్చోబెట్టడం అన్నమాట. ఈ పొర ఒకటి రెండు మైక్రాన్లు ఉంటే చాలు. మందం పెరిగితే వాహకతా పోతుంది, పొర పగిలి ఊడే ప్రమాదమూ ఉంది.

రెండోది యాక్టివ్ మెటల్ బ్రేజింగ్. వెండి, రాగి కలిసిన టంకంలో కొంచెం టైటానియం వేసి, శూన్యంలో 800 నుంచి 900 డిగ్రీల మధ్య వేడి చేస్తారు. టైటానియం పలకలోని నైట్రోజన్‌తో కలిసి టైటానియం నైట్రైడ్ పొరగా మారి గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సైడ్ పొర అవసరం లేదు. ఖర్చు ఎక్కువ, అతుకు మాత్రం డీబీసీ కంటే మన్నికైనది.

మూడోది టైటానియం పొరను స్పటరింగ్ చేసి (శూన్యంలో పరమాణువులను చిమ్మి పలుచగా పరిచి), దాని మీద రాగిని ఎలక్ట్రోప్లేటింగ్‌తో పెంచడం. సన్నని గీతలు కావాల్సిన ఎల్‌ఈడీ, లేజర్ పనులకు ఇదే తగినది.

ఏ పద్ధతిలో అతికించినా రాగి 17, నైట్రైడ్ 4.5 అనే వ్యాకోచాల పేచీ పోదు. వేడి-చలి చక్రాల్లో రాగి అంచు కింద సిరామిక్‌లో గుల్లగా పగులు మొదలవుతుంది. అంచుల పొడవునా రాగిలో చిన్న చిన్న గుంటలు చెక్కితే ఒత్తిడి పంచుకుపోయి పలక ఎక్కువకాలం నిలుస్తుంది. సరఫరాదారు పంపిన నమూనాలో ఆ గుంటల వరస ఉందో లేదో చూడండి.

అల్యూమినా కోసం ఉన్న థిక్ ఫిల్మ్ పేస్టులను (పలక మీద అచ్చువేసి కాల్చే, లోహం-గాజు కలిసిన పేస్టులను) దీని మీద వాడొచ్చా?

వద్దు. ఆ పేస్టుల్లోని గాజులో ఉండే సీసం ఆక్సైడ్ వంటివి నైట్రైడ్‌తో చర్య జరిపి నైట్రోజన్ వాయువును పుట్టిస్తాయి. పొర కింద బుడగలు లేచి, ఊడిపోతుంది. ఈ పదార్థం కోసమే తయారైన పేస్టులు దొరుకుతాయి, అవే అడగండి.

ట్రాన్సిస్టర్ కింద మైకా బదులు ఈ ప్యాడ్ పెడితే సరిపోతుందా?

రిపేర్ షాపుల వాళ్లు, ఆంప్లిఫయర్లు సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. టీఓ-220 ప్యాకేజీ అడుగు వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు మందం అల్యూమినా ప్యాడ్ నిరోధం 0.27 డిగ్రీలు, అదే మందం నైట్రైడ్ ప్యాడ్‌ది 0.04. ఇంతవరకూ బాగుంది. కానీ ప్యాడ్‌కు రెండు వైపులా థర్మల్ పేస్టు ఉంటుంది. మామూలు తెల్ల పేస్టు వాహకత 1 అనుకుని, ఒక్కో పొర 50 మైక్రాన్లు పూస్తే రెండు పొరల నిరోధం కలిపి 0.67 అవుతుంది. మొత్తం కలిపితే అల్యూమినాతో 0.94, నైట్రైడ్‌తో 0.71.

అంటే 50 వాట్ల దగ్గర లాభం 11, 12 డిగ్రీలు. మంచిదే. కానీ పేస్టును సగం మందానికి తగ్గిస్తే అల్యూమినా ప్యాడ్‌తోనే అంతకంటే ఎక్కువ లాభం వస్తుంది! కాబట్టి ముందు హీట్ సింక్ ఉపరితలాన్ని చదును చేయండి, పేస్టు పలుచగా రాయండి, క్లిప్పు ఒత్తిడి సరిగ్గా ఉందో చూడండి. ఆ తర్వాతే ప్యాడ్ మార్చడం గురించి ఆలోచించండి.

ఆన్‌లైన్‌లో కొన్న ప్యాడ్ నిజంగా నైట్రైడేనా? ఎలా తెలుసుకోవాలి?

రంగు చూసి నిర్ణయించకండి. కలిపిన పదార్థాలను, మలినాలను బట్టి ఇది బూడిద, లేత గోధుమ, తెలుపు, నలుపు ఎలాగైనా ఉండొచ్చు. అచ్చమైన తెల్లటి ప్యాడ్ అయితే మాత్రం అల్యూమినా అయ్యే అవకాశం ఎక్కువ.

సాంద్రత నమ్మదగిన పరీక్ష. గాలిలో తూచి, నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచి లెక్కకట్టండి. 3.3 దగ్గర వస్తే నైట్రైడ్, 3.7 దాటితే అల్యూమినా. నగల తూకపు కాటా చాలు. ఇంకా సులువైన పరీక్ష: ప్యాడ్‌ను వేళ్లతో పట్టుకుని అంచును ఐస్ ముక్కకు ఆనించండి. నైట్రైడ్ అయితే అంచు మంచులోకి చకచకా దిగుతుంది, వేళ్లకు చల్లదనం వెంటనే తెలుస్తుంది. పక్కనే ఒక అల్యూమినా ముక్కతో పోల్చి చూస్తే సందేహం ఉండదు. కచ్చితమైన అంకె కావాలంటే లేజర్ ఫ్లాష్ పద్ధతిలో కొలిపించాలి. పలకకు ఒక వైపు క్షణకాలం లేజర్ కాంతి కొట్టి, రెండో వైపుకు వేడి ఎంతసేపట్లో చేరిందో కొలుస్తారు.

నీళ్లు తగిలితే పాడవుతుందా?

కాల్చి గట్టిపరిచిన పలకకు మామూలు తేమతో, చల్లని నీళ్లతో భయం లేదు. వేడి క్షార ద్రావణాలు మాత్రం దాన్ని తినేస్తాయి. రాగి గీతలు చెక్కే రసాయనాలు, శుభ్రపరిచే ద్రావణాలు ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పొడి సంగతి వేరు. తేమ తగిలితే అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి అమ్మోనియాను వదులుతుంది. పొడి డబ్బా తెరవగానే ఘాటైన వాసన వస్తే సరుకు చెడిపోవడం మొదలైనట్టే. అందుకే దీన్ని నీళ్లలో నూరరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వంటి ద్రావణాల్లో నూరుతారు.

నేడు తలనొప్పిగా మారిన ఈ చర్య కోసమే ఒకప్పుడు ఈ పదార్థాన్ని తయారు చేయాలనుకున్నారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో సెర్పెక్ అనే రసాయన శాస్త్రవేత్త బాక్సైట్, బొగ్గు, నైట్రోజన్‌లతో అల్యూమినియం నైట్రైడ్ చేసి, దాన్ని నీటితో విడగొట్టి ఎరువులకు అమ్మోనియా తీసే పద్ధతి రూపొందించాడు. 1913లో జర్మనీలో హేబర్-బాష్ కర్మాగారం మొదలయ్యాక అది వెనకబడిపోయింది.

ఆర్‌ఎఫ్, లేజర్, ఎల్‌ఈడీ పనుల్లో ఎక్కడ కనిపిస్తుంది?

ఎక్కువ శక్తి మింగే ఆర్‌ఎఫ్ రెసిస్టర్లు, టర్మినేషన్ల అడుగున ఉంటుంది. అంతకుముందు ఆ స్థానం బెరీలియం ఆక్సైడ్‌ది. లేజర్ డయోడ్‌ను బంగారం-తగరం టంకంతో అతికించే చిన్న దిమ్మలు దీనితోనే చేస్తారు. సూది మొనంత చోట వేడి పుట్టే ఆ చిప్‌ను చల్లబరచడానికి అంతకంటే తేలికైన దారి లేదు. వాహనాల హెడ్‌లైట్లు, స్టేడియం లైట్ల వంటి అధిక శక్తి ఎల్‌ఈడీల కింద కూడా ఇది ఉంటుంది. ఇంట్లో వాడే 9 వాట్ల బల్బులో దీని అవసరం లేదు, అక్కడ అల్యూమినియం ప్లేటు బోర్డు చాలు.

చిప్‌ల ఫ్యాక్టరీలో దీని పాత్ర ఏమిటి?

సిలికాన్ పలకను పట్టుకునే ఎలక్ట్రోస్టాటిక్ చక్‌లు, దాన్ని వేడి చేసే పళ్లేలు చాలావరకు దీనితో చేస్తారు. రెండు కారణాలు. పలక అంతటా ఉష్ణోగ్రత ఒకేలా ఉండాలి, దానికి వాహకత కావాలి. చిప్ తయారీ యంత్రం లోపలి గదిని శుభ్రం చేసే ఫ్లోరిన్ ప్లాస్మా చాలా పదార్థాలను కొరికేస్తుంది. దీని మీద మాత్రం తేలికగా ఆవిరి కాని అల్యూమినియం ఫ్లోరైడ్ పొర ఏర్పడి కాపాడుతుంది. పళ్లెం లోపలే హీటర్ తీగను పూడ్చి, మొత్తాన్ని ఒకే దిమ్మగా కాలుస్తారు. ఈ పరిశ్రమ మొత్తంలో తయారు చేయడానికి కష్టమైన భాగాల్లో ఇదొకటి.

నా ఫోన్‌లో కూడా ఉందంటున్నారు, నిజమేనా?

దాదాపు ఖాయంగా ఉంటుంది. అయితే అది సిరామిక్ పలక కాదు, మైక్రాన్ల మందం ఉన్న పలుచని పొర. అల్యూమినియం నైట్రైడ్‌కు పీజోవిద్యుత్ గుణం ఉంది, ఓల్టేజీ ఇస్తే కంపిస్తుంది. అందులో ధ్వని వేగం సెకనుకు సుమారు 11 కిలోమీటర్లు. పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు ఉంటే గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల్లో కంపిస్తుంది. ఈ కంపనంతోనే ఫోన్ ఒక బ్యాండ్ సిగ్నల్‌ను మరో బ్యాండ్ నుంచి వేరు చేస్తుంది. 2009లో జపాన్‌లోని ఏఐఎస్‌టీ పరిశోధకులు, అకియామా బృందం, ఇందులో స్కాండియం కలిపితే పీజో గుణం సుమారు ఐదు రెట్లు పెరుగుతుందని చూపించారు. ఇటీవలి ఫిల్టర్లలో స్కాండియం కలిసిన పొరలు రావడానికి మూలం అదే.

మరో రూపం ఏకస్ఫటికం. 2006లో జపాన్‌లోని ఎన్‌టీటీ ప్రయోగశాల దీనితో 210 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిచ్చే ఎల్‌ఈడీని తయారు చేసింది. నీటిని శుద్ధి చేసే యూవీ-సీ ఎల్‌ఈడీలకు ఆధారంగా ఈ స్ఫటికాలను ఇప్పుడు పెంచుతున్నారు.

పలకను మేమే కోసుకోవచ్చా, రంధ్రాలు వేసుకోవచ్చా?

వజ్రపు బ్లేడుతో, నీళ్లు లేదా కూలెంట్ పోస్తూ కోయొచ్చు. దుమ్ము పీల్చకుండా మాస్కు పెట్టుకోండి. లేజర్‌తో కోసేటప్పుడు ఒక చిక్కుంది. ఆ వేడికి నైట్రోజన్ ఎగిరిపోయి, కోసిన అంచు మీద అల్యూమినియం లోహం మిగిలిపోతుంది. అంటే ఇన్సులేటర్ అంచు మీద కరెంటు పోయే దారి ఏర్పడినట్టే! తర్వాత రసాయనంతో కడిగో, గాలిలో వేడి చేసి ఆక్సైడ్‌గా మార్చో దాన్ని తొలగించాలి. లేజర్ పని బయట చేయిస్తే ఈ శుభ్రత చేశారా అని అడిగి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పరీక్షించాకే వాడండి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగం నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అధునాతన సిరామిక్స్, పొడి లోహశాస్త్రం మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ. ఎలక్ట్రానిక్స్ పదార్థాల కోసమే ఉన్న సీ-మెట్ సంస్థకు హైదరాబాద్‌లో ఒక కేంద్రం ఉంది. ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు సిరామిక్ ప్రాసెసింగ్ మీద ప్రాజెక్టుల కోసం ఈ రెండు చోట్లా ప్రయత్నించవచ్చు. పలక తయారీ తెలిసినవాళ్ల కంటే పలక మీద రాగి అతికించడం తెలిసినవాళ్ల కొరత ఎక్కువని నా అభిప్రాయం. అటువైపు వెళ్లమని సలహా ఇస్తాను.

పాడైపోయిన పాత ఆర్‌ఎఫ్ ట్రాన్సిస్టర్‌లో తెల్లటి సిరామిక్ ఉంది. పగలగొట్టి చూడొచ్చా?

దయచేసి వద్దు. పాత ట్రాన్స్‌మిటర్లు, రాడార్, వైర్‌లెస్ పరికరాల్లోని అధిక శక్తి భాగాల్లో ఆ తెల్లటి దిమ్మ బెరీలియం ఆక్సైడ్ అయి ఉండొచ్చు. దాని ఉష్ణవాహకత అల్యూమినియం నైట్రైడ్ కంటే ఎక్కువే, కానీ దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే నయం కాని బెరీలియం జబ్బు వస్తుంది. కొందరికి కొద్దిపాటి దుమ్ముతోనే, ఎన్నో ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. భాగం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ముట్టుకోవడంలో ప్రమాదం లేదు. ఆకురాయితో రుద్దడం, సుత్తితో కొట్టడం, డ్రిల్ చేయడం, మంటలో వేయడం ఏదీ చేయకండి. ఇప్పటికే పగిలి ఉంటే ఊదడం, చీపురుతో ఊడ్చడం కూడా వద్దు. తడి గుడ్డతో ఒత్తి తీసి, గుడ్డతో సహా మూతపడే సంచిలో పెట్టి, మీద పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత సంస్థకు ఇవ్వండి.